చెంపదెబ్బ, పాల లెక్క: పద్నాలుగు మంది ఆయమ్మల గ్రాట్యుటీ కేసు

ఈ కేసు 2018లో నా దగ్గరకు వచ్చింది. గ్రాట్యుటీ అంటే ఏళ్ల తరబడి పనిచేసి ఉద్యోగం వదిలినప్పుడు యజమాని ఒకేసారి కట్టాల్సిన డబ్బు. కోస్తాలో ఒక జిల్లా కేంద్రం, అక్కడ ఒక ప్రైవేటు ఆసుపత్రి. వార్డులు ఊడ్చి, తుడిచి, బెడ్‌పాన్లు మార్చే పద్నాలుగు మంది ఆయమ్మలు. ఆసుపత్రి పేరు, ఊరి పేరు, మనుషుల పేర్లు ఏవీ రాయడం లేదు. వాళ్లతో ముందే అనుకున్న మాట అది. లేబర్ కేసుల్లోకి కొత్తగా వస్తున్న లాయర్లకూ, యూనియన్ పనిలో ఉన్నవాళ్లకూ ఉపయోగపడుతుందని రాస్తున్నాను. అంతకన్నా పెద్ద కారణం ఇంకొకటి ఉంది. హీరో అనే మాట మీద నాకున్న నమ్మకం ఈ కేసులోనే మారింది.

2007 ఏప్రిల్‌లో ఆసుపత్రి కొత్త బ్లాకు తెరిచినప్పుడు వీళ్లలో ఎక్కువమంది పనిలో చేరారు. కాగితం మీద మాత్రం ఎవరూ ఆసుపత్రి ఉద్యోగులు కారు. మధ్యలో కాంట్రాక్టరు ఉన్నాడు. పదకొండేళ్లలో నలుగురు కాంట్రాక్టర్లు మారారు. మారిన ప్రతిసారీ వీళ్లను ఒకటి రెండు రోజులు ఆపి, కొత్త కాగితాల మీద సంతకాలో వేలిముద్రలో తీసుకుని, మళ్లీ అదే వార్డుకు పంపేవారు. చీపురు అదే, ఫినాయిలు అదే, డ్యూటీలు వేసే నర్సింగ్ సూపరింటెండెంటు ఆమే. యూనిఫాం చీర రంగు మారేది, అంతే. 2018 మార్చి 31తో నాలుగో కాంట్రాక్టు అయిపోయింది. ఐదో కాంట్రాక్టరు వస్తూనే నలభై ఐదేళ్లు దాటినవాళ్లనూ, జీతం ఆలస్యమైతే గట్టిగా అడిగే ఒకరిద్దరినీ ఏరి, రేపటి నుంచి రావద్దన్నాడు. అలా తేలిన లెక్క పద్నాలుగు.

మర్నాడు పొద్దున్నే వాళ్లంతా గేటు దగ్గర నిలబడ్డారు. కాంట్రాక్టరు తాలూకు సూపర్‌వైజరు బయటికొచ్చి, "ముసలాళ్లకి ఇక్కడేం పని, ఇళ్లకి పోండి" అన్నాడు. వాళ్లలో అందరికన్నా పెద్దావిడను అందరూ పెద్దక్క అంటారు. ఆమె తమ్ముడి కొడుకు అదే ఆసుపత్రిలో వార్డుబాయ్. ఇరవై మూడేళ్లు. మేనత్తను అంత మాట అనేసరికి ముందుకొచ్చి సూపర్‌వైజరు చెంప మీద ఒక్కటిచ్చాడు. పెదవి చిట్లింది. ఎవరో ఫోన్లో తీశారు. సాయంత్రానికల్లా ఆ వీడియోకి వెనకాల సినిమా మ్యూజిక్ పెట్టి ఊరంతా పంపించారు. కుర్రాడు నడిచొస్తుంటే స్లో మోషన్, చెయ్యి లేస్తుంటే డప్పులు. లోకల్ కేబుల్ చానల్ వాళ్లు ఇంటికి వచ్చారు. కాలనీ కుర్రాళ్లు భుజాల మీద ఎత్తుకున్నారు. అప్పటికి అతని ఉద్యోగం పోయింది. మూడో రోజుకి కొట్టినందుకూ బెదిరించినందుకూ ఐపీసీ 323, 506 సెక్షన్ల కింద కేసు పడింది.

నేను కూడా ఫైలు చూడకముందే ఆ వీడియో చూశాను. చూసి కదిలిపోయాను. పనిచేసే మనిషి అవమానం భరించలేక తిరగబడ్డాడనే ఆనందం నాకూ కలిగింది. అందుకే మొదటిసారి వాళ్లు నా ఆఫీసుకు వచ్చినప్పుడు నేను రాయడం మొదలుపెట్టింది కుర్రాడి కోసం. అతన్ని మళ్లీ పనిలోకి తీసుకోవాలని నోటీసు, అతని మీద కేసుకి బెయిలు, పత్రికల వాళ్లకు ప్రకటన. పద్నాలుగు మంది నా గదిలో గోడ వారగా నిలబడి ఉన్నారు. వాళ్లకు రావలసిన డబ్బు సంగతి నేను అడగలేదు. వాళ్లూ ఎత్తలేదు. అందరం ఆ కుర్రాడి కథలో ఉన్నాం.

అలా నాలుగు నెలలు పోయాయి. ఈలోగా, గేటు దగ్గర నిలబడ్డ ప్రతి ఒక్కరి పేరూ పోలీసు కేసులోకి ఎక్కుతుందని ఎవరో పుకారు పుట్టించారు. నలుగురు రావడం మానేశారు. ఒకావిడ భర్త ఫోన్ చేసి, "మా ఆవిడకీ దానికీ సంబంధం లేదు, పేరు తీసెయ్యండి" అన్నాడు.

అసలు కేసు ఏమిటో నాకు తెలిసొచ్చింది సూపర్‌వైజరుని చూసిన రోజున. రాజీ మాటల కోసం వచ్చాడు. చేతిలో జీతం స్లిప్పు ఉంది, నెలకు పదకొండు వేలు. అతనూ కాంట్రాక్టు మనిషే. చేరి నాలుగేళ్లయింది, రెండు కంపెనీల పేర్లు మారాయి. "ఏరమని లిస్టు పైనుంచి వచ్చిందండీ, చదివింది నేను" అన్నాడు. మరి లిస్టు తయారుచేసింది ఎవరు? కొత్త కాంట్రాక్టరుని అడిగితే, "నేను వచ్చింది నిన్న, పదకొండేళ్ల సంగతి నాకేం తెలుసు?" అన్నాడు. పాత కాంట్రాక్టరు ఆఫీసుకి తాళం. ఆసుపత్రి హెచ్‌ఆర్ మేనేజరు నన్ను కూర్చోబెట్టి, టీ తెప్పించి, చాలా మర్యాదగా, "మేడమ్, వాళ్లు మా ఉద్యోగులు కారు కదా" అన్నాడు. ఏ ఒక్కరూ గట్టిగా అరవలేదు. ఎవరి మాటా పూర్తిగా అబద్ధం కూడా కాదు.

మనం చిన్నప్పటి నుంచి చూసే సినిమాలో అన్యాయానికి ఒక ముఖం ఉంటుంది. మీసం ఉంటుంది, కారు ఉంటుంది, చుట్టూ మనుషులుంటారు. ఇంటర్వెల్‌కి ఆ ముఖం ఎవరిదో తెలిసిపోతుంది. కాంట్రాక్టు పద్ధతి నడిచేదే అలాంటి ముఖం ఎక్కడా కనబడకుండా. పని చేయించుకునేది ఒకరు, జీతం ఇచ్చేది ఇంకొకరు, తీసేసేది మరొకరు. చెయ్యెత్తినవాడికి చివరికి అందే చెంప తనలాంటి ఇంకో పదకొండు వేల జీతగాడిది. ఇది నేను ఆ కుర్రాణ్ణి తప్పుపట్టడానికి రాయడం లేదు. నాకైనా ఆ వయసులో మేనత్త గురించి అలా అంటే ఏం చేసేదాన్నో చెప్పలేను.

పెద్దక్క ఒక మాట అంది. నేను మరచిపోలేను. "వాడు కొట్టాడు కాబట్టే మాకు అన్యాయం జరిగిందని మాకు తెలిసింది లాయరమ్మా. లేకపోతే కాంట్రాక్టు అయిపోయిందంట, మన రాత ఇంతే అనుకుని వెళ్లిపోయేవాళ్లం." కాబట్టి ఆ దెబ్బ వృథా అని నేను అనను. అది తలుపు తీసింది. లోపలికి నడవడానికి మాత్రం వేరే సత్తువ కావలసి వచ్చింది.

లెక్క

అప్పుడు అమల్లో ఉన్నది 1972 నాటి గ్రాట్యుటీ చెల్లింపు చట్టం. ఐదేళ్లు ఎడతెగకుండా పనిచేసినవాళ్లకు, చివరి నెల బేసిక్, డీఏ (కరువు భత్యం) కలిపి దాన్ని 26తో భాగించి, 15తో గుణించి, ఎన్నేళ్లయితే అన్నిసార్లు ఇవ్వాలి. పెద్దక్క చివరి జీతంలో ఆ రెండూ కలిపి 9,100. అంటే ఏడాదికి 5,250, పదకొండేళ్లకు 57,750 రూపాయలు. ఆ అంకె కాగితం మీద రాసి చూపిస్తే ఆమె చాలాసేపు చూసింది. నమ్మలేదు. తప్పు వేశానేమోనని మనవడితో ఫోన్లో మళ్లీ లెక్క కట్టించింది.

ఎదుటివాళ్ల వాదన మాకు ముందే తెలుసు. ఒకటి, కాంట్రాక్టరు మారినప్పుడల్లా సర్వీసు తెగిపోయింది కాబట్టి ఎవరి దగ్గరా ఐదేళ్లు నిండలేదు. రెండు, ఇవ్వాల్సింది కాంట్రాక్టర్లే, ఆసుపత్రి కాదు. మొదటిదానికి చట్టంలోనే జవాబుంది. కార్మికుడి తప్పు లేకుండా పని ఆగితే ఆ రోజుల్ని తెగినట్టు లెక్కేయకూడదని అందులోని 2ఏ సెక్షన్ చెప్పేది. ఏడాదిలో 240 రోజులు పనిచేస్తే ఆ ఏడాది నిండినట్టే. రెండోదానికి మేము రెండు దారులు పట్టుకున్నాం. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు యజమాని కట్టాలనే 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం 21వ సెక్షన్ ఒకటి. డ్యూటీ వేసింది, సెలవు ఇచ్చింది, పని చూసుకున్నది ఎప్పుడూ ఆసుపత్రే అన్న వాస్తవం రెండోది.

చట్టం ఉంటే సరిపోదు, రుజువు కావాలి. కాంట్రాక్టర్లు మస్టర్లు (హాజరు పట్టీలు) ఇవ్వరు. 2014 నుంచి పిఎఫ్‌కి యూఏఎన్ నంబరు (ఉద్యోగం మారినా మారని ఒకే నంబరు) వచ్చింది కాబట్టి ఆ తర్వాతి కాలానికి పాస్‌బుక్కులు తీశాం. వాటిలో ఒక విషయం కళ్లకు కట్టినట్టు కనబడింది. మార్చి 31న ఒక కంపెనీ నుంచి 'ఎగ్జిట్', ఏప్రిల్ 3న ఇంకో కంపెనీలో 'జాయినింగ్'. పద్నాలుగు మందికీ అదే తేదీ. పద్నాలుగు మంది ఒకే రోజు ఉద్యోగం మానేసి, మూడో రోజు ఒకే చోట కొత్త ఉద్యోగం వెతుక్కున్నారంటే ఎవరు నమ్ముతారు? నంబరు ఒక్కటే కావడం వల్ల మనిషి మారలేదని తేలింది.

2014కి ముందు? అక్కడ ఏడేళ్ల ఖాళీ. నేను ఆశ వదులుకుంటున్నప్పుడు పెద్దక్క ఒక సంచి తెచ్చింది. అందులో చుట్టలు చుట్టిన క్యాలెండర్లు. మన ఇళ్లల్లో గోడకు ఉండేవే, తిథులూ వర్జ్యాలూ ఉన్నవి. ప్రతి తేదీ గడిలో పాల లెక్క ఉంది. అర లీటరు అయితే ఒక గీత, లీటరైతే రెండు. దాని పక్కనే పగలు డ్యూటీ అయితే 'ప', రాత్రి డ్యూటీ అయితే 'రా', వారం సెలవైతే సున్నా. గ్యాస్ బండ వచ్చిన రోజున చిన్న గుండ్రం. జీతం ఆలస్యమైన నెలల్లో కింద ఎంత వచ్చిందో, ఎంత ఆగిందో. మొత్తం పదకొండు ఏళ్లవి ఉండాలి, తొమ్మిదే ఉన్నాయి. రెండింటితో మనవడి పుస్తకాలకు అట్టలు వేశారట.

"ఎందుకు రాశారు?" అని అడిగాను. "నెలాఖరుకి కోత ఎంత పెట్టారో తెలియాలి కదమ్మా" అంది. ఆమె దాన్ని రుజువు అనుకోలేదు. ఎవరికీ చూపించాలనీ అనుకోలేదు.

వాయిదాలు

గ్రాట్యుటీ అడుగుతూ మేము యజమానికి ఇవ్వాల్సిన ఫారం 'ఐ' ఇచ్చేసరికి 2018 ఆగస్టు అయింది. అప్పటి నిబంధన ప్రకారం అది ముప్పై రోజుల్లో ఇవ్వాలి. ఆలస్యమైనంత మాత్రాన హక్కు పోదు, కారణం మాత్రం చెప్పుకోవాలి. "మా ఉద్యోగులు కారు" అని ఆసుపత్రి జవాబు రాసింది. దాంతో ఇప్పించమని అధికారిని అడిగే ఫారం 'ఎన్' పెట్టి అసిస్టెంట్ లేబర్ కమిషనర్ దగ్గరకు వెళ్లాం. ఆ గ్రాట్యుటీ చట్టం కింద కంట్రోలింగ్ అథారిటీ, అంటే ఇలాంటి తగాదాలు తేల్చే అధికారి, అప్పుడు ఆయనే.

పెద్దక్క క్రాస్ ఎగ్జామినేషన్ ఒక పూట నడిచింది. ఎదుటి లాయరు అనుభవం ఉన్న మనిషి, దురుసుగా మాట్లాడే రకం కాదు. "క్యాలెండరు మీద గీతలు నిన్న రాత్రి కూర్చుని కూడా గీయొచ్చు కదమ్మా?" అన్నాడు. ఆమె తడుముకోలేదు. "గీయొచ్చు బాబూ. మరి గ్యాస్ బండ వచ్చిన తేదీలు కూడా ఉన్నాయి. గ్యాస్ పుస్తకం మా ఇంట్లో ఉంది, ఏజెన్సీ వాడి సంతకాలతో. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి" అంది. పక్కపక్కన పెట్టి చూశారు. కలిశాయి. ఆ రోజు నేను ఒక్క ప్రశ్న కూడా అదనంగా వేయలేదు.

ఈ ఫైల్లో అన్నిటికన్నా ధైర్యమైన పని మాత్రం ఇంకొకావిడది. పద్నాలుగు మందిలో ఇద్దరికి ఐదేళ్లు నిండలేదు, నాలుగేళ్ల మూడు నెలలే. వాళ్లకు ఏమీ రాదని మొదటే చెప్పేశాను. అందులో ఒకావిణ్ణి, మనుషులు చాలక, కొత్త కాంట్రాక్టరు మళ్లీ పనిలోకి పిలిచాడు. అంటే కేసు గెలిస్తే ఆమెకు పైసా రాదు, ఓడినా పోయేదేమీ లేదు, నోరు విప్పితే మాత్రం ఉన్న పని పోవచ్చు. ఆమె వచ్చి సాక్ష్యం చెప్పింది. డ్యూటీ చార్టు ఎవరు రాస్తారు, సెలవు చీటీ మీద ఎవరు సంతకం పెడతారు, చీర చిరిగితే ఎవరిని అడగాలి, అన్నీ. అంతా నర్సింగ్ సూపరింటెండెంటే అని. బయటికి వచ్చాక ఎందుకు చెప్పావని అడిగితే, "నేను చేరినప్పుడు నాకు పని నేర్పింది వాళ్లేనండి" అంది. ఆ తర్వాత రెండు నెలలు ఆమెకు వరసగా రాత్రి డ్యూటీలే పడ్డాయి. ఆ చెంపదెబ్బ వీడియో ఇప్పటికీ ఎవరో ఒకరి ఫోన్లో ఉంటుంది. ఈ సాక్ష్యం అధికారి రికార్డులో రెండు పేజీలుగా ఉంది, నేను తప్ప ఎవరూ చదివి ఉండరు.

మధ్యలో ఒకసారి, వరసగా నాలుగు వాయిదాలు పడినప్పుడు, అందరూ డీలా పడ్డారు. అప్పుడు వాళ్లకు చాకలి ఐలమ్మ సంగతి చెప్పాను. పాలకుర్తిలో కౌలుకు తీసుకుని సాగుచేసిన పొలాన్ని విసునూరు దేశ్‌ముఖ్ కాజేయాలని చూసినప్పుడు ఆమె నిలబడిన తీరు, సంఘం మనుషులు ఆమె పంట కోసి ఇంటికి చేర్చిన తీరు తెలుగువాళ్లందరికీ తెలిసిందే. తెలంగాణలో ఆమె మీద పాటలున్నాయి, విగ్రహాలున్నాయి, 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరే పెట్టారు. అదే భూమి మీద కోర్టు కేసు కూడా నడిచిందనీ, ఆమె తరఫున కొండా లక్ష్మణ్ బాపూజీ లాంటి లాయరు వాదించాడనీ, అందులోనూ ఆమే గెలిచిందనీ తక్కువమందికి తెలుసు. కోర్టు మెట్ల మీద కూర్చుని వాయిదా కోసం ఎదురుచూసిన ఐలమ్మ మీద కట్టిన పాట నేను ఇప్పటిదాకా వినలేదు. నిజాం కాలంలో, చుట్టూ దొర మనుషులున్న ఊళ్లో, ఒక చాకలి ఆడది కేసు కూడా నడపడం అంటే ఎంత గుండె కావాలో నేను రోజూ కోర్టుకు వెళ్తూ ఆలోచిస్తుంటాను. పుకారుకి భయపడి రావడం మానేసిన నలుగురిలో ముగ్గురు తర్వాతి వాయిదాకు వచ్చారు. ఈ కథ వల్లేనని చెప్పలేను. పెద్దక్క ఇంటింటికీ తిరిగిందని తర్వాత తెలిసింది.

ఆర్డరు తర్వాత

2020 జనవరిలో ఆర్డరు వచ్చింది. పన్నెండు మందికి గ్రాట్యుటీ ఇవ్వాలి, ఆసుపత్రి కట్టి కావాలంటే కాంట్రాక్టర్ల దగ్గర వసూలు చేసుకోవచ్చు, ఏడాదికి పది శాతం వడ్డీ. వడ్డీ మాత్రం 2018 సెప్టెంబరు నుంచి. మొదటి నాలుగు నెలల ఆలస్యం మా వల్లే అయిందన్న ఎదుటివాళ్ల వాదనను అధికారి ఒప్పుకున్నారు. అది సరైన నిర్ణయం కాదని నా అభిప్రాయం. అప్పీలుకు వెళ్దామన్నాను. ఇంక తిరగలేమన్నారు. పెద్దక్కకు ఆ నాలుగు నెలల వడ్డీ 1,925 రూపాయలు. నేను వీడియో చూసి ప్రకటనలు రాస్తూ గడిపిన నాలుగు నెలల ఖరీదు అది. మొత్తం పన్నెండు మందికీ కట్టి చూసుకున్నాను.

ఆసుపత్రి అప్పీలూ చేయలేదు, డబ్బూ కట్టలేదు. వసూలు కోసం దరఖాస్తు పెట్టాం. ఈలోపు కరోనా వచ్చింది.

మార్చి 22న, జనతా కర్ఫ్యూ రోజు సాయంత్రం ఐదింటికి, నేను మా బాల్కనీలో నిలబడి చప్పట్లు కొట్టాను. వీధి వీధంతా పళ్లేలు మోగించింది. మనసారానే కొట్టాను. మే 3న వైమానిక దళం హెలికాప్టర్లు ఆసుపత్రుల మీద పూలు చల్లాయి. టీవీలో ప్రతి పూటా వారియర్స్ అనే మాటే. మా పన్నెండు మందిలో ఐదుగురు అప్పటికి వేరే ఆసుపత్రుల్లో పనికి కుదిరారు. ఒకావిడ ఐసొలేషన్ వార్డులో ఊడుస్తోంది. ఇంటి ఓనరు ఖాళీ చేయమంటున్నాడని నాకు ఫోన్ చేసింది. పూల వాన కురిసిన వారంలోనే. వాళ్లకు రావలసిన డబ్బు తాలూకు ఆర్డరు కాగితం అప్పటికి మూడు నెలలుగా ఒక టేబుల్ మీద ఉంది.

ఆ పొగడ్త అబద్ధం అని నేను అనలేను. జనం నిజంగానే చేతులెత్తి దండం పెట్టారు. కానీ పనిచేసే మనిషిని హీరో అన్నాక ఆమె జీతం, సెలవు, గ్రాట్యుటీ గురించి అడగడం ఎందుకో చిన్నమాట అయిపోతుంది. హీరోలు డబ్బు అడగరు కదా. ఆ రోజుల్లో హెచ్‌ఆర్ మేనేజరు నాతో ఫోన్లో అన్నది సరిగ్గా ఇదే: "మేడమ్, ఇలాంటి టైములో డబ్బు సంగతా?" 2018లో కుర్రాడి విషయంలో నేను చేసిన పొరపాటూ, 2020లో దేశమంతా చేసిందీ ఒకటేనని నాకు ఆ ఫోన్ పెట్టేశాక అనిపించింది.

లాక్‌డౌన్ సడలాక మళ్లీ తిరిగాం. ఆగస్టు చివర్లో డబ్బు పడింది. పెద్దక్కకు వడ్డీతో కలిపి 69,300. ఆమె మొదట చేసిన పని, సాక్ష్యం చెప్పిన ఆ చిన్నావిడకు అందరి దగ్గరా తలా కొంత పోగుచేసి ఇవ్వడం. ఎంత ఇచ్చారో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇలాంటి కేసు చేతికొచ్చిన వాళ్లకు నా అనుభవంలోంచి ఒక్కటే చెప్పగలను. మొదటి రోజు అడగాల్సింది ఏం జరిగిందని కాదు, ఇంట్లో గోడకు ఏముందని. క్యాలెండర్లు, గ్యాస్ పుస్తకం, చీటీపాట నోటుబుక్కు, ఈఎస్ఐ మందుల చీటీలు, పిల్లల స్కూలు అప్లికేషన్లో తల్లి ఉద్యోగం ఏమని రాశారో ఆ కాగితం. ఇవన్నీ రెండో వారానికే చెత్తలో పడిపోతాయి. పేపర్లో ప్రకటన వారం ఆగినా ఫరవాలేదు.

కుర్రాడి మీద కేసు 2019లోనే లోక్ అదాలత్‌లో రాజీ అయింది. సూపర్‌వైజరు సంతకం పెట్టే ముందు ఒక్క మాట అన్నాడు. "దెబ్బ సంగతి మర్చిపోయానండీ. ఆ వీడియో మా అమ్మాయి స్కూల్లో పిల్లలంతా చూశారు. అది మాత్రం..." ఆపేశాడు. కుర్రాడు తల దించుకున్నాడు. తర్వాత వెళ్లి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు.

2021లో ఒక రోజు పెద్దక్క వచ్చింది. వెనకాల సూపర్‌వైజరు. కాంట్రాక్టు మళ్లీ మారింది, ఈసారి ఏరివేతలో ఆయన పేరు కూడా ఉంది. ఏడేళ్ల సర్వీసు. మస్టరు లేదు, క్యాలెండర్లు లేవు. అయితే ఏడేళ్లుగా రోజూ పొద్దున ఆరింటికి డ్యూటీ చార్టు ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టింది ఆయనే. కింద నర్సింగ్ సూపరింటెండెంటు సంతకం, ఆసుపత్రి ముద్ర. పాత ఫోను, పగిలిన అద్దం, ఫోటోలన్నీ ఉన్నాయి. తేదీల వారీగా తీయడానికి నాకూ మా జూనియర్‌కీ మూడు రోజులు పట్టింది.

సాక్షులుగా ఎవరి పేర్లు రాయమంటారని అడిగితే ఆయన కాసేపు నేల చూపులు చూశాడు.

"నా పేరు రాయండమ్మా" అంది పెద్దక్క.